బెజవాడకి బూట్లు తెచ్చుకున్న చుట్టానికి

పెళ్లికో, సెక్రటేరియట్‌లో పనికో, అమ్మవారి దర్శనానికో బెజవాడ వచ్చే చుట్టాల సంచుల్లో ఈమధ్య ఒక జత పరుగు బూట్లు కూడా ఉంటున్నాయి. మొన్న హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనత్త కొడుకూ అంతే. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే మనిషి. గవర్నరుపేటలో లాడ్జి తీసుకున్నాడు. పొద్దున ఏడున్నరకి ఏలూరు రోడ్డెక్కి పరుగు మొదలెట్టాడు. పావుగంటకల్లా నాకు ఫోను. "ఏంటి బావా ఇది, మీ ఊళ్ళో పరిగెత్తడానికి చోటే లేదు. ఫుట్‌పాత్ మీద బళ్లు, రోడ్డు నిండా ఆటోలు. పైగా రెండు కిలోమీటర్లకే ఆయాసం."

చోటు లేక కాదు, వేళ తప్పాడు. అదే రోడ్డు మీద తెల్లవారుజామున ఐదింటికి జనం చేతులూపుకుంటూ దర్జాగా నడుస్తుంటారు. ఆరున్నర నుంచి పాల వ్యాన్లు, స్కూలు బస్సులు. ఎనిమిదయ్యేసరికి అది రోడ్డు కాదు, సంత. ఈ ఊళ్ళో ఆటస్థలాలు మ్యాపులో వెతికితే తక్కువే దొరుకుతాయి, గడియారంలో వెతికితే బోలెడు. నదికో వేళ, కొండకో వేళ, మైదానానికో వేళ. ఒక్కోదాని వెనకా ఒక్కో కారణం ఉంది. అవి తెలిస్తే నాలుగు రోజులకొచ్చినవాడు కూడా ఊరివాడిలా ఆడుకుని పోవచ్చు. తెలియకపోతే కాళ్ల నొప్పులతో పోయేది కాదు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

ఎండని తిట్టి ఉక్కని వదిలేస్తాం

బెజవాడ ఎండ గురించి చెప్పని వాళ్లుండరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట ఇక్కడి వాళ్లకి సామెతలా అనిపించదు, వార్తలా అనిపిస్తుంది. కానీ బయటనుంచి వచ్చి వ్యాయామం చేసేవాణ్ణి పడగొట్టేది ఎక్కువగా ఎండ కాదు, ఉక్క.

పరిగెత్తేటప్పుడు కండరాల్లో పుట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడిని వదిలించుకోవడానికి ఒంటికి ఉన్న పెద్ద దారి చెమట. చెమట పడితే సరిపోదు, అది ఆవిరవ్వాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. అదే చెమట ఆరకుండా గడ్డం మీంచి చొక్కా మీదికి కారిపోతే దక్కేది దాదాపు శూన్యం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఎక్కడికి పోతుంది? ఒకవైపు నది, ఊరి మధ్యలోంచి కాలవలు, చుట్టూ వరి మాగాణి, ఇంకాస్త దూరంలో సముద్రం. ఈ ఊరి గాలికి తేమ కొదవ లేదు.

హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన, దక్కను పీఠభూమి మీద ఉంది. అక్కడ గాలి పొడి. పడ్డ చెమట పడ్డట్టే ఆరిపోతుంది. అక్కడ పది కిలోమీటర్లు అలవోకగా పరిగెత్తే మనిషికి ఇక్కడ నాలుగో కిలోమీటరుకే గుండె దడదడలాడుతుంది. ఒళ్లు చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు తోలుతుంది. కాళ్లకి అందాల్సిన వాటా తగ్గుతుంది. వేగం అంతే ఉండాలంటే గుండె ఇంకా గట్టిగా కొట్టుకోవాలి. మావాడికి వచ్చిన ఆయాసం ఇదే. అతను బలహీనపడలేదు, గాలి మారింది.

ఇందులో ఒక మెలిక ఉంది. రోజు మొత్తంలో గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే. మరి ఆ వేళకే ఎందుకు పొమ్మంటున్నాం? తేమ ఎక్కువున్నా అప్పుడు గాలి వేడి తక్కువ, నెత్తిన సూర్యుడు లేడు, తారు రోడ్డూ గోడలూ రాత్రంతా చల్లబడి ఉంటాయి. ఒళ్లు జిడ్డుగా, చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంటుంది గానీ ప్రమాదం తక్కువ. సాయంత్రం ఐదింటికి ఇది తిరగబడుతుంది. తేమ తగ్గినట్టే ఉంటుంది, గాలాడినట్టే ఉంటుంది, కానీ పగలంతా కాలిన నేల అప్పుడే తన వేడిని తిరిగి కక్కుతుంటుంది. వేసవిలో సాయంత్రం వ్యాయామం చేయాలనుకుంటే రాత్రి ఎనిమిది దాకా ఆగడం నయం.

ఒంటికి ఈ వాతావరణం అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది. నాలుగు రోజులకి వచ్చిన చుట్టానికి ఆ అవకాశం లేదు. ఇక్కడున్నన్నాళ్లూ అతను కొత్తవాడే. కాబట్టి చేతి గడియారంలో కిలోమీటరుకి ఎన్ని నిమిషాలని చూసుకోవడం మానేసి, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పోవాలి. మాట తెగుతుంటే నడవాలి. మావాడికి ఇది నామోషీ అనిపించింది. రెండో రోజుకి సర్దుకున్నాడు.

వడదెబ్బ గురించి ఒక అపోహ కూడా పోవాలి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటారు. ఎండలో కూర్చున్న ముసలివాళ్లకి అలా జరగొచ్చు గానీ, పరిగెడుతూ పడిపోయిన వాడికి ఒంటి నిండా చెమటుండగానే వడదెబ్బ కొడుతుంది. గుర్తు పట్టాల్సింది మాటని. పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఎక్కడున్నాడో తెలియకపోయినా ముందు నీడలోకి లాగి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి విసరాలి. ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు 108కి చేయాలి. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. అన్నీ బాగున్న మనిషికైతే నీళ్ల కన్నా ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మేలు. బాగా చెమటోడ్చాక ఓఆర్ఎస్ ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకుంటే చాలు. చెంచాలు తలకొట్టి కొలవాలి.

వేసవిలో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసుకుంటే, మర్నాడు బూట్లు కట్టాలో వద్దో తేలిపోతుంది.

ఇక చలికాలంలో లెక్క తిరగబడుతుంది. డిసెంబరు, జనవరిలో నేల త్వరగా చల్లబడి, దానికి ఆనుకున్న గాలి బరువెక్కి కిందే కూర్చుంటుంది. పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టుంటుంది. ఊళ్ళో ఊడ్చి తగలబెట్టిన చెత్త పొగ, వాహనాల పొగ ఆ మూత కిందే తిరుగుతాయి. మంచు అనుకుని మురిసిపోతూ పీల్చేదాంట్లో సగం పొగే. ఆ నెలల్లో ఐదింటికి లేచి పరిగెత్తడం వీరత్వమే గానీ తెలివి కాదు. ఏడు దాటాక, ఎండ నేలకి తగిలి గాలి కదిలాక పోతే హాయి. భోగి రోజు మాత్రం ఎన్నింటికి పోయినా ఒకటే.

కృష్ణమ్మ నిండుగా కనిపిస్తుంది

బయటివాళ్లకి బెజవాడంటే ముందు ప్రకాశం బ్యారేజీ. 1852-55 మధ్య కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఇది పూర్తయింది. పొడవు 1,223 మీటర్లు. భారీ వాహనాలకి ప్రవేశం లేదు. ఇటునుంచి సీతానగరం దాకా పోయి వెనక్కొస్తే రెండున్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఎక్కడా ఎత్తుపల్లం లేదు, నది గాలి తగులుతుంది, సిగ్నళ్లు లేవు. ఊళ్ళో కొత్తవాడికి నేను మొదట చెప్పే దారి ఇదే. ఆరు దాటాక కార్లు, స్కూటర్లు పెరుగుతాయి కాబట్టి ఇక్కడా వేళే ముఖ్యం. దిగువన కృష్ణలంక వైపు వరద గోడ కట్టాక, దాని పక్కన కూడా నడుచుకునే చోటు వచ్చింది.

బ్యారేజీ మీద నిలబడి రెండువైపులా చూస్తే ఈ నది సంగతి సగం అర్థమవుతుంది. ఎగువన చెరువులా నిశ్చలంగా, నిండుగా ఉంటుంది. దిగువన ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, మధ్యమధ్య నీటి పాయలు. ఎగువన ఆపిన నీరు సుమారు 3 టీఎంసీలు, అంటే 300 కోట్ల ఘనపుటడుగులు. దాన్ని ఆపేది ఈత కొట్టేవాళ్ల కోసం కాదు, కాలవల కోసం. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్యలోంచే పోతాయి. అవతలి గట్టున గుంటూరు వైపు కాలవ. గేట్లు ఎత్తినా దించినా, కాలవలకి వదిలినా కట్టినా ఆ నిశ్చలమైన నీటి అడుగున కదలిక మారిపోతుంది. పైకి అల కూడా కనిపించదు.

ఇక్కడ ఈత కొత్త కాదు. విలువిద్యలో దేశానికి పతకాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్ల వయసులో ఈ నదిలో 5 కిలోమీటర్లు 3 గంటల 20 నిమిషాల 6 సెకన్లలో ఈది లిమ్కా రికార్డుల్లోకి ఎక్కింది. పొద్దున్నే ఘాట్ల దగ్గర చూస్తే డెబ్భై దాటిన పెద్దాయనలు కూడా మొసళ్లలా ఈదుతూ కనిపిస్తారు. వాళ్లని చూసి చొక్కా విప్పేయాలనిపిస్తుంది. వాళ్లు ముప్ఫై, నలభై ఏళ్లుగా రోజూ దిగే నీళ్లవి. ఏ రోజు నీరు ఎటు లాగుతోందో కాలు పెట్టగానే వాళ్లకి తెలుస్తుంది. ఒక్కరుగా దిగరు. గుర్రపు డెక్క తేలుతూ వచ్చే దిక్కు చూసి దారి మార్చుకుంటారు. ఆ తీగలు కాళ్లకి చుట్టుకుంటే గజ ఈతగాడైనా గజం కదల్లేడు. కొత్తవాడు నదిలో ఈదాలనుకుంటే ఈతగాళ్ల సంఘాలు పడవలు, గజ ఈతగాళ్ల కాపలా పెట్టి జరిపే నది ఈత పోటీల్లో దిగడం ఒక్కటే నేను ఒప్పుకునే దారి.

దిగువ ఇసుక ఇంకా మాయదారిది. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్నట్టే ఉంటుంది. ఇసుక తవ్విన గుంటలో రెండు నిలువుల లోతు ఉంటుంది. గుంట అంచు ఇసుకే కాబట్టి పట్టుకుంటే జారిపోతుంది. కాలవల్లో మరో గోల. సిమెంటు గట్టు ఏటవాలుగా, పాచి పట్టి ఉంటుంది. దిగడం తేలిక, ఎక్కడం కాదు.

2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం. ఒంగోలు వాకర్స్ క్లబ్ సభ్యులు కుటుంబాలతో విహారానికి వచ్చారు. మరికొందరితో కలిసి ఒక ప్రైవేటు పడవెక్కారు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం వద్ద ఆ పడవ బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. రోజూ నడిచే మనుషులు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనుషులు. గోదావరి నీళ్లు వచ్చి కృష్ణలో కలిసే ఆ చోట ప్రవాహం ఎలా ఉంటుందో పొరుగూరి వాళ్లకెలా తెలుస్తుంది? ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. చుట్టాలతో భవానీ ద్వీపం వెళ్లేటప్పుడు టికెట్టిచ్చే పడవే ఎక్కుతాను, లైఫ్ జాకెట్టు ముడి వేసుకున్నాకే కదలనిస్తాను. చిన్నపిల్లలకి సరిపోయే సైజు లేదంటే దిగిపోతాను. మావాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

భవానీ ద్వీపం సుమారు 133 ఎకరాలు. పడవ ప్రయాణం, ద్వీపంలో నడక, పిల్లల ఆటలు, ఎప్పుడు ఏది నడుస్తుంటే ఆ నీటి ఆట. నీరు కదలకుండా నిలిపి ఉంచడం వల్లే 2018 నవంబరులో పున్నమి ఘాట్ దగ్గర ఫార్ములా వన్ పడవ పందేలు కూడా జరిగాయి. కానీ వరద రోజుల్లో ఇదంతా బంద్. బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు. అంటే సెకనుకి మూడు కోట్ల లీటర్లకి పైగా నీళ్లు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీటి ఆటల కోసమే ప్రయాణం పెట్టుకునేవాళ్లు పొద్దున పేపర్లో ఆ అంకె చూసుకుని బయల్దేరాలి. బెజవాడలో అందరూ చూసేది అదే.

నది వద్దు, ఈత కావాలి అంటే గాంధీనగర్‌లో సర్ విజ్జీ పేరుతో కార్పొరేషన్ ఈత కొలను ఉంది. కొలనులో బ్యాచీలు ఉంటాయి, ఆడవాళ్లకి వేరే సమయం ఉంటుంది, ఈత దుస్తులూ టోపీ లేకపోతే దిగనివ్వరు. ఏప్రిల్, మే నెలల్లో వేసవి శిక్షణ పిల్లలతో నీళ్ల కన్నా తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి. ఆ నెలల్లో పొద్దున్నే మొదటి బ్యాచీ దొరికితేనే పోవడం మంచిది. బయటికొచ్చాక బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ దగ్గర్లోనే ఉంటుంది. కరిగించిన కేలరీలన్నీ అక్కడ తిరిగొస్తాయి, నేనేం చెప్పను.

కొండ మెట్లు

ఊరి చుట్టూ కొండలే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి ఒకప్పుడు బెజవాడ నైస్ అనే పేరు పెట్టారు (నైస్ అంటే చారల చారల గట్టి రాయి). ఆ రాయి పగలు తాగిన ఎండని రాత్రి దాకా విడిచిపెట్టదు. అందుకే వేసవి సాయంత్రం కొండెక్కితే కింద కన్నా పైనే ఉక్కగా ఉందని ఆశ్చర్యపోతారు. గాంధీ కొండ మీద 1968లో ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం ఉంది. పైనుంచి రైల్వే స్టేషను, పాతబస్తీ, నది ఒక్క చూపులో పడతాయి. ఎక్కడానికి పొద్దుటి పూటే బాగుంటుంది. గేటు తెరిచే వేళ ముందే కనుక్కోవాలి.

ఇంద్రకీలాద్రి మెట్లు వ్యాయామం కోసం ఎక్కేవాళ్లున్నారు గానీ, అది ముందు గుడి, తర్వాతే కొండ. దసరాకి, భవానీ దీక్షల విరమణ రోజులకి బూట్ల ఊసే ఎత్తకూడదు. కొత్తవాడికి నేను చెప్పేది పౌర్ణమి గిరి ప్రదక్షిణ. తెల్లవారుజామున మొదలై కొండ చుట్టూ కుమ్మరిపాలెం, విద్యాధరపురం, చిట్టినగర్ మీదుగా పాతబస్తీలోంచి తిరిగి వస్తారు. సుమారు ఏడెనిమిది కిలోమీటర్లు. భక్తి ఉన్నవాడికి పుణ్యం, లేనివాడికి నడక. వందల మంది తోడుంటారు, వీధుల్లో ఇళ్లవాళ్లు నీళ్లందిస్తారు, ఆ వేళకి ఆటోవాళ్లు కూడా మర్యాదగా పక్కకి తప్పుకుంటారు. ఊరిని కాలినడకన చూడ్డానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏ పర్యాటక శాఖా చేయలేదు. చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. అలవాటు లేని పాదాలతో వాళ్లని అనుకరిస్తే సాయంత్రానికి బొబ్బలు ఖాయం.

మంగళగిరి మెట్లకీ వేళ ఉంది. పానకాల స్వామి గుడిలో మధ్యాహ్నం మూడు దాటాక దర్శనం ఉండదు. సాయంత్రం నుంచి దేవతలు పూజ చేసుకుంటారని నమ్మకం. సాయంత్రం చల్లబడ్డాక ఎక్కుదాంలే అనుకునేవాళ్లు అక్కడ దెబ్బతింటారు. పొద్దున్నే ఎక్కితే దిగేటప్పటికి పానకం. చెమటోడ్చిన ఒంటికి బెల్లం, మిరియాలు, ఏలకులు కలిసిన నీళ్లకన్నా మంచి పానీయం ఏ జిమ్ములో అమ్ముతున్నారో నాకు తెలియదు. రోజంతా ఖాళీ ఉన్నవాళ్లకి కొండపల్లి కోట. పద్నాలుగో శతాబ్దపు రెడ్డి రాజుల కోట అది, చుట్టూ అడవి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే, అదీ తోడుతో.

మైదానం ఎవరిది?

బయటివాళ్లకి అంతు చిక్కని సంగతి ఇది. గేటు తెరిచే ఉంటుంది, లోపల వందమంది నడుస్తుంటారు, మీరు వెళ్తే వాచ్‌మన్ ఆపుతాడు. లేదా ఎవరూ ఆపరు. ఎందుకంటే ఊళ్ళో మైదానాల యజమానులు వేరువేరు. కొన్ని కార్పొరేషన్‌వి, కొన్ని కాలేజీలవి, కొన్ని రైల్వేవి, కొన్ని క్లబ్బులవి. ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం.

కార్పొరేషన్ స్టేడియం మనందరిదీ అనే ధైర్యంతో పోవచ్చు. బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియం అలాంటిదే. 2002 నవంబరు 24న ఇక్కడే భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది. మార్లన్ శామ్యూల్స్ 108 కొట్టి అవుట్ కాకుండా మిగిలాడు, మనవాళ్లు 135 పరుగుల తేడాతో ఓడిపోయి సిరీస్ కూడా పోగొట్టుకున్నారు. ఆ రోజు స్టాండ్లో అరిచినవాళ్లలో కొందరు ఇప్పుడు అదే స్టేడియం చుట్టూ షుగరు తగ్గించుకోవడానికి నడుస్తున్నారు. అయితే ఆగస్టు 15కో, జనవరి 26కో ముందు వస్తే అక్కడ కవాతు రిహార్సళ్లు జరుగుతూ ఉండొచ్చు, తాళం పడి ఉండొచ్చు. మైదానం అందరిదీ కావడంలో ఇబ్బంది కూడా అదే, ప్రభుత్వానికి అవసరమైతే మన వంతు ఆఖరు. స్వరాజ్య మైదానం, పాతవాళ్ల భాషలో పీడబ్ల్యూడీ గ్రౌండు, 2024 జనవరి నుంచి 125 అడుగుల అంబేద్కర్ విగ్రహంతో స్మృతివనమైంది. సాయంత్రం నడకకి చక్కటి చోటు. బ్యాటూ బంతీ పట్టుకుని వచ్చే కుర్రాళ్లకి మాత్రం ఒక మైదానం తగ్గింది.

కాలేజీ మైదానాల్లో నడక వాళ్ల దయ, మన హక్కు కాదు. చెట్లుంటాయి, మట్టి నేల కాబట్టి మోకాళ్లకి మంచిది, అందుకే అక్కడే జనం ఎక్కువ. కొన్నిచోట్ల గుర్తింపు కార్డు అడుగుతారు, పరీక్షల రోజుల్లో మూసేస్తారు. కొత్తవాడు చేయాల్సిందల్లా ముందురోజు సాయంత్రం అక్కడ రోజూ నడిచే ఒకరిని పట్టుకోవడం. "మా చుట్టమండీ, నాలుగు రోజులుంటాడు" అని ఆయనొక మాట చెబితే కార్డు చేయలేని పని ఆ మాట చేస్తుంది. దానికి మూల్యం ఉంది. నడకంతసేపూ ఆయన రాజకీయ విశ్లేషణ వినాలి. నవ్వుల క్లబ్బు వాళ్లు పిలిస్తే కాసేపు నవ్వాలి. చివర్లో గేటు బయట రాగి జావ తాగి, మొలకెత్తిన పెసలు తిని, డబ్బులు ఎవరివ్వాలో పోట్లాడాలి. ట్రాక్ మీద ముగ్గురు వరసగా నడుస్తుంటే బెల్లు కొట్టినట్టు "సైడ్ సైడ్" అనకండి. పెద్దవాళ్లు. "కొంచెం దారివ్వండి మాస్టారూ" అంటే చాలు.

పొద్దున్నే లేవలేనివాళ్ల ఆట రాత్రి మొదలవుతుంది. పటమట దాటి కానూరు, పోరంకి వైపు పోతే ఖాళీ స్థలాల్లో వలలు కట్టి, పచ్చటి కృత్రిమ గడ్డి పరిచి, లైట్లు వేసిన బాక్స్ క్రికెట్ కోర్టులు కనిపిస్తాయి. గంటకింత అని అద్దె, అందరూ పంచుకుంటారు. ఒక్కడే వచ్చినవాడు దిగులు పడక్కర్లేదు. ఏదో ఒక జట్టులో ఒకడు తక్కువవుతాడు, పక్కన నిలబడితే పిలుస్తారు. ఈ ఊరి అసలు ఆట మాత్రం షటిల్. గాలికీ ఎండకీ సంబంధం లేకుండా గోడల మధ్య ఆడొచ్చు, డబుల్స్ కోర్టంతా కలిపి 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పే, చిన్న స్థలంలో ఇమిడిపోతుంది. అందుకే సందుకో అకాడమీ వెలసింది. చేతన్ ఆనంద్ ఈ ఊళ్ళో పుట్టినవాడే, కిడాంబి శ్రీకాంత్ గుంటూరు కుర్రాడు. కోర్టుకి వెళ్తే గుర్తుంచుకోవాల్సింది ఒకటే, రోడ్డు మీద తిరిగిన బూట్లతో లోపలికి రానివ్వరు. విడిగా ఇంకో జత కావాలి.

బరువులెత్తేవాళ్లకి జిమ్ముల కొరత లేదు, ఒక రోజుకి కూడా డబ్బు తీసుకుని పంపుతారు. కానీ ఈ ఊరి కసరత్తు చరిత్ర ఏసీ గదుల్లో మొదలవలేదు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసిన కాలం నుంచి వచ్చింది. ఒలింపిక్స్ దాకా వెళ్లిన బరువులెత్తే వీరుడు దండమూడి రాజగోపాలరావు పేరు మీదే ఊళ్ళో ఇండోర్ స్టేడియం ఉంది. సినిమాలో భీముడి వేషం వేస్తే ఒంటికి మెత్తలు కట్టాల్సిన అవసరం రాని మనిషి.

ఆడలేకపోయినా చూడాల్సింది

విలువిద్య ఒక్కటి నాలుగు రోజుల చుట్టానికి చేతిలో పెట్టలేం. అద్దెకి విల్లు తీసుకుని బాణం వేసే ఆట కాదది. కానీ బెజవాడ వచ్చి దాన్ని చూడకుండా పోతే, బందరు వెళ్లి లడ్డూ తినకుండా వచ్చినట్టే. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం పొందింది ఇంద్రకీలాద్రి మీదేనని ఇక్కడి నమ్మకం, విజయుడి పేరే ఊరికి పెట్టుకున్నాం. ఆధునిక విలువిద్య మాత్రం పురాణం వల్ల రాలేదు, గురువుల వల్ల వచ్చింది. చెరుకూరి లెనిన్ లాంటి విలుకాడు శిక్షకుడై 2010లో రోడ్డు ప్రమాదంలో పోయేలోపు ఒక తరానికి విల్లు పట్టించాడు. జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్లాడు.

చూసేటప్పుడు రెండు రకాల విల్లులు గమనించండి. ధీరజ్ పట్టేది రికర్వ్, కొసలు వెనక్కి వంగి ఉంటాయి. నారి లాగేకొద్దీ బరువు పెరుగుతుంది, 70 మీటర్ల గురి. సురేఖ పట్టేది కాంపౌండ్, కొసల్లో చక్రాలుంటాయి. పూర్తిగా లాగాక చక్రాలు బరువు మోస్తాయి కాబట్టి స్థిరంగా గురి చూడొచ్చు, దూరం 50 మీటర్లు. ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లూ రికర్వే ఉంది. అందుకే అన్ని పతకాలు గెలిచిన సురేఖ ఒలింపిక్స్‌కి ఎందుకు వెళ్లలేదని అడిగేవాళ్లకి జవాబు ఆమె చేతిలోని చక్రాల్లో ఉంది. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ పోటీ మొదటిసారి రాబోతోంది. శిక్షణ చూడాలంటే ముందు అడిగి వెళ్లాలి, గీత వెనకే నిలబడాలి, ఫోను మోగకూడదు.

అవతలి గట్టు

గుంటూరులో దిగినవాళ్లకి నది లేదు, కొండ కాస్త దూరం. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం అక్కడి నడకకీ షటిల్‌కీ కేంద్రం. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డు వైపు మాత్రం పరుగు పెట్టుకోవద్దు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు దిగే వేళకి గాలిలోనే కారం ఉంటుంది, గుంటూరు వాళ్లే తుమ్ముకుంటూ పోతారు. సైకిలున్నవాళ్లకి రెండు దారులు. రాజధాని సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పుగా, సాఫీగా ఉంటుంది గానీ నిర్మాణపు టిప్పర్లు తిరుగుతున్నాయి, వెనక ఎర్ర లైటు లేకుండా చీకట్లో పోకూడదు. రెండోది ఊరి పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల్లో గూళ్లు కట్టుకుని ఉంటాయి. మొన్న మావాణ్ణి అక్కడికి తీసుకెళ్లాను. ఎన్నింటికి బయల్దేరదామంటే ఆరున్నర అన్నాడు. ఐదుకే లేపాను. పొద్దెక్కితే అవీ మేతకి లేచిపోతాయి.